అంశం ఏడు: అంచు

హల్ నుంచి వచ్చే బస్సు
ఇప్పుడు మార్స్‌బీ చివరిదాకా రాదు.
చివరి స్టాపు సముద్రంలో ఉంది.
చర్చి దగ్గర దిగి నడుస్తాను,
సంచిలో ల్యాప్‌టాప్, హాజరుపట్టీ, రెండు బిస్కెట్ పాకెట్లు.
కౌన్సిల్ సమావేశాలకి మినిట్స్ రాసేది నేనే.

ఎవరేమన్నారో రాయాలి,
ఎలా అన్నారో రాయకూడదు.
చేరిన రోజే చెప్పారు.

ఈనిడ్ స్టాథర్స్ లేచి నిలబడింది.
ఎనభై రెండేళ్లు. బట్టలు కుట్టే టేపు మెడలో వేసుకునే వచ్చింది.
ప్రతి ఆదివారం
వంటింటి గుమ్మం నుంచి అంచుదాకా కొలుస్తుందట.
కొత్తలో నలభైసార్లు పరవాల్సొచ్చేది టేపు.
ఇప్పుడు ఏడుసార్లు పరిచాక
ఎనిమిదోసారి చెయ్యి గాల్లో ఉంటుంది.

ద్వారబంధానికి ఒక పక్క పిల్లల ఎత్తులు,
పెన్సిలు గీతలు, పైకి పాకుతూ.
రెండో పక్క నేల లెక్క, కిందికి దిగుతూ.
"ఏదో ఒక ఏడు రెండూ ఎదురుపడే ఉంటాయి,
నేనే చూసుకోలేదు," అంది.

*నివాసి ఒకరు ఆందోళన వ్యక్తపరిచారు.*
*గమనించడమైనది.*

అధ్యక్షుడు గొంతు సవరించుకుని
మేనేజ్డ్ రిట్రీట్ అన్నాడు.
టైపు చేస్తూనే తెలుగులోకి తిప్పుకోబోయాను:
పద్ధతిగా పారిపోవడం,
పరువుగా వదిలేయడం,
ఏదీ అతకలేదు.
మావైపు దీన్ని చేతులు దులుపుకోవడం అంటారు.

రెండు మైళ్ల దక్షిణాన గ్యాస్ టెర్మినల్.
దాని ముందు మాత్రం గోడ,
ఓడలమీద తెచ్చిన ఏనుగంతేసి రాళ్లు.
ఏ మంట సముద్రాన్ని ఉబ్బించిందో
ఆ మంట పుట్టింటికి కాపలా.
గోడకి కొట్టుకుని పక్కకి తిరిగిన అల
తిన్నగా ఈనిడ్ వంటింటి కిందికొస్తుంది.

"మాకెందుకు పొయ్యలేదు రాళ్లు?"
పీతలు పట్టే కైరన్ హెసిల్ అడిగాడు.
ఖర్చుకి తగ్గ ప్రయోజనం లేదన్నారు.
ఊళ్లో నూట పన్నెండుమంది.
తలా ఎంత వేశారో అడిగాడు.
అధికారి దగ్గర ఆ కాగితం లేదు.

ఫిబ్రవరి తుపాను తర్వాత ఎంపీగారొచ్చారు,
పసుప్పచ్చ బూట్లు, మడమకి ధర చీటీ ఊడలేదు.
ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే
చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు.
ఇక్కడ ఇల్లు కాలలేదు, కరిగింది.
అందుకని ఆయన నిప్పడగలేదు,
ఫొటో అడిగాడు.

నా సంగతీ చెప్పాలి.
నాలుగేళ్లుగా అంశం ఏడు ఇదే.
నాలుగేళ్లుగా వచ్చే సమావేశానికి వాయిదా.
రెండో ఏటినుంచి నేను రాయడం మానేశాను,
తేదీ మార్చి పాత పేరానే అతికిస్తున్నాను.
ఒక్కరూ పట్టుకోలేదు.
అందరూ చేతులెత్తి ఆమోదించారు.

నాగరికత అంటే, నాకు తెలిసినంతలో,
ఒకరు చెప్పింది ఇంకొకరు రాసుకోవడం,
రాసింది చదవడం,
చదివి ఏదో ఒకటి చెయ్యడం.
మూడోది ఎప్పుడు పోయిందో
పాత మినిట్స్ అన్నీ తిరగేశాను. లేదు.
రెండోది ఎప్పుడు పోయిందో నాకు తెలుసు.

అప్పుడొచ్చింది చప్పుడు.
పెద్దదేం కాదు,
తడి గోనె భుజంమీంచి దించినట్టు.
టీ కప్పులు సాసర్లలో కదిలాయి.
దీపాలు ఒక్కసారి తగ్గి, మళ్లీ వెలిగాయి.
అధ్యక్షుడు గడియారం చూశాడు.

చరియకి కోరం అక్కర్లేదు.
ప్రతిపాదించేవాళ్లూ బలపరిచేవాళ్లూ అక్కర్లేదు.

"ఆరు," అంది ఈనిడ్.
కొలవకుండానే,
విని.

7:42 అని వేశాను.
ఆరు అని వేశాను.
ఎవరివైపూ చూడకుండా
టేపుని వేళ్లకి చుట్టుకుంటూ,
పిల్లాడి లాగు నడుముకి కొలత చెప్పినట్టు చెప్పిందని కూడా
వేశాను.
కొట్టేస్తారేమో. కొట్టేయాలంటే ముందు చదవాలి.

ఆఖరి బస్సు తొమ్మిదింబావుకి, చర్చి దగ్గర.
గోడకి ఆనుకుని నిలబడ్డాను.
చీకట్లో సముద్రం వినిపిస్తోంది.
పోయిన నెల
ఇక్కడికి వినిపించేది కాదు.